శుక్రవారం తప్ప: నిజాం నాటి హైదరాబాద్‌ను నడిచి చూసే వేళలు

పాతబస్తీలో చూడాల్సినవన్నీ పక్కపక్కనే ఉంటాయి. నయాపూల్ నుంచి చార్మినార్ దాకా కిలోమీటరున్నర లోపే. అక్కడి నుంచి చౌమహల్లా పది నిమిషాల నడక. అయినా పొద్దున్నే బయల్దేరిన కుటుంబం సాయంత్రానికి చార్మినార్ దగ్గర ఒక ఫొటో, ఒక జత గాజులు, కాళ్ల నొప్పులతో ఇల్లు చేరడం మామూలే. తప్పు దూరానిది కాదు, వేళది. ఇక్కడ ఒక తలుపు తొమ్మిదింటికి తెరుస్తారు, ఒకటి పదింటికి. కొన్ని శుక్రవారం అసలు తెరవరు. బజారేమో మధ్యాహ్నం దాకా నిద్ర లేవదు. ఏది ఎప్పుడో తెలిసి వరస పెట్టుకుంటే ఒక పగలు, ఇంకో పూట చాలు.

ముందు వారం చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడింటికీ శుక్రవారం సెలవు. చార్మినార్ తెరిచే ఉంటుంది కానీ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, చుట్టూ రోడ్లన్నీ జనం. ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ముందు కుర్చీ దొరకదు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే అయితే పన్నెండు తర్వాత ఆరుబయట ఏదీ పెట్టుకోవద్దు. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం (పీరు) ఊరేగింపు వస్తుంది. గణేశ్ నిమజ్జనం రోజు దారులన్నీ మళ్లిస్తారు. ఆ రెండు రోజులూ చూడటానికి బాగుంటాయి, తిరగడానికి కాదు. రంజాన్ నెలలో బజారు రాత్రి తెల్లవార్లూ వెలుగుతుంది, పగలు హోటళ్లు చాలావరకు మూతే. అప్పుడొస్తే తిండి సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మూడు పొరల ఊరు

ఏ కట్టడం ముందు నిలబడ్డా ఇది ఎవరి కాలందని ఒక్కసారి అడుక్కుంటే ఊరు సగం అర్థమైనట్టే. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు.

మొదటిది కుతుబ్‌షాహీలది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టి, దాన్ని నడిబొడ్డుగా పెట్టి ఊరు వేశాడు. ఆ కాలం కట్టడాల్లో రాతి మీద సున్నపు గచ్చు, దాని మీద పువ్వులు, లతలు, చిన్న చిన్న కమానులు కనిపిస్తాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడింది. రెండోది 1724 నుంచి ఆసఫ్‌జాహీలది, అంటే నిజాంలది. రెండో నిజాం కాలంలో రాజధాని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి వచ్చింది. వాళ్ల భవనాల్లో యూరప్ స్తంభాలు, బెల్జియం షాండ్లియర్లు, మొగలాయి తోటలు కలిసిపోతాయి. మూడోది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాం: గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి, పెద్ద పెద్ద గుమ్మటాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని తుడిచేసింది. ఆ దెబ్బతోనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు వచ్చాయి, నది ఒడ్డున కొత్త భవనాలు లేచాయి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో కలిసింది.

పొద్దున ఆరున్నర: నయాపూల్ మీద

కారు తేవద్దు. పార్కింగ్ దొరకదు, దొరికినా తిరిగి బయటపడటానికి గంట. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగండి. ఎర్ర లైను, ఆకుపచ్చ లైను రెండూ అక్కడ కలుస్తాయి. చార్మినార్‌కు మెట్రో లేదు. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి నేరుగా దక్షిణానికి నడిస్తే అరగంట. బ్యాగుతోనో పెద్దవాళ్లతోనో ఉంటే ఆటో ఎక్కండి. కానీ ఈ దారి నడవడానికి పొద్దున్నే తప్ప రోజంతటిలో మరో వీలు రాదు.

వంతెన మధ్యలో ఆగి అటూ ఇటూ చూడండి. ఉత్తరం ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణం ఒడ్డున హైకోర్టు. రెండూ ఇంగ్లిషు ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలతో లేచినవి, రెండూ వరద తర్వాతివి. హైకోర్టు 1920 ప్రాంతానికి, ఆసుపత్రి 1925కి పూర్తయ్యాయి. ఆసుపత్రి ఆవరణ వెనక ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది. వరద రాత్రి దాదాపు నూట యాభై మంది ఆ చెట్టెక్కి బతికారు. ఆ వైపు వెళ్లే తీరిక లేకపోయినా సంగతి గుర్తుంచుకోండి, మధ్యాహ్నం ఒక గోడ ముందు పనికొస్తుంది.

ఏడు నుంచి పది: చార్మినార్, మక్కా మసీదు

ఏడింటికి చార్మినార్ చుట్టూ పావురాలు, ఊడ్చేవాళ్లు, చాయ్ తాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తూర్పు ముఖం మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. గచ్చు పని కనిపించేది ఆ వెలుతురులోనే. నడినెత్తిన ఎండలో పువ్వులన్నీ చదునై గోడలో కలిసిపోతాయి. నాలుగు వైపులా ఒక చుట్టు తిరగండి. ఒక్కో పక్క సుమారు ఇరవై మీటర్లు, నాలుగు కమానులు నాలుగు దిక్కులకు. కమానుల పైన గడియారాలు మాత్రం తర్వాత, 1889లో పెట్టినవి.

ఇక్కడ గచ్చు గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ తర్వాత చూసే సగం కట్టడాలకు ఇదే అక్షరమాల. సున్నం, ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి మాగబెట్టేవాళ్లు. మన ఊళ్లలో పాత ఇళ్లు కట్టిన గానుగ సున్నం ఇదే. సిమెంటులా ఒక్క పూటలో బిగుసుకోదు. తడి ఆరేలోపు పనివాడు చేత్తో, చిన్న తాపీతో ఆకులు తీర్చడానికి వేళ దొరుకుతుంది. ఆరాక గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది, లోపలి చెమ్మను బయటకు వదులుతుంది. సిమెంటుతో అతుకు వేస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. అప్పుడు అతుకు పక్కనున్న పాత సున్నం ఉబ్బి రాలుతుంది. మీగడ రంగు గోడ మధ్య బూడిదరంగు మచ్చ కనిపిస్తే అది ఎప్పుడో ఎవరో చేసిన సిమెంటు మరమ్మతు. దాని అంచు వెంట చూడండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. 2019 మే నెలలో వాన తర్వాత ఒక మినారు నుంచి గచ్చు ముక్క ఊడి కింద పడింది. చెయ్యి ఆనించకుండా చూడమనేది అందుకే.

తర్వాత చాయ్. మక్కా మసీదు పక్క నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తెల్లవారకముందే మొదలవుతాయి. డికాక్షన్ వేరే, మరిగి చిక్కబడ్డ పాలు వేరే ఉంటాయి, కప్పులో కలుపుతారు. బిస్కెట్ తీపిగా మొదలై ఉప్పుగా ముగుస్తుంది. ముంచడం ఒక్క క్షణమే, రెండో క్షణానికి అది కప్పు అడుగున ఉంటుంది.

మక్కా మసీదుకు ఎనిమిది ప్రాంతంలో వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, ఆడవాళ్లకు తలమీద దుపట్టా. చెప్పులు బయటే. చలికాలం పొద్దున ఫరవాలేదు కానీ ఎండాకాలం పది దాటితే ఆవరణ బండలు అరికాళ్లను కాలుస్తాయి, ఒక జత సాక్సులు దగ్గర పెట్టుకోండి. కట్టడం 1617లో మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టించాడు, 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. అంటే ఒక రాజవంశం పునాది వేస్తే, దాన్ని కూల్చినవాడు ముగించాడు. చార్మినార్ పక్కనే ఉన్నా ఇది రాతి మసీదు, గచ్చు నగిషీ కాదు, గ్రానైటు. మధ్య కమాను మీది ఇటుకలకు మక్కా నుంచి తెచ్చిన మట్టి కలిపారని చెబుతారు. పేరు అలా వచ్చిందే. ఆవరణలో ఒక పక్క పందిరిలాంటి మంటపం కింద వరసగా నిజాంల సమాధులున్నాయి. రెండో నిజాం నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా. ఏడో నిజాంది మాత్రం ఇక్కడ కాదు, కింగ్‌కోఠి ఎదుట జూదీ మసీదులో. నమాజు చేసేవాళ్ల ముందు నుంచి నడవకండి, వాళ్ల మీద కెమెరా పెట్టకండి.

చార్మినార్ టికెట్ కౌంటరు తెరవగానే వరసలో ముందుండండి. కేంద్ర పురావస్తు శాఖది కాబట్టి ఆన్‌లైన్‌లో కొంటే కాస్త తక్కువ, వరస కూడా తప్పుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మెట్లు మినారు లోపల మెలికలు తిరుగుతాయి, ఎత్తుగా, ఇరుకుగా, చీకటిగా. పైదాకా 149 అని లెక్క. అంతదాకా ఎక్కనివ్వరు, మొదటి అంతస్తుతో సరి. మోకాళ్లు నొచ్చేవాళ్లు, ఇరుకంటే ఊపిరాడనివాళ్లు కిందే ఉండటం నయం. మధ్యలో వెనక్కి తిరగాలంటే వెనక వచ్చేవాళ్లందరూ దిగాలి. పై అంతస్తు పడమటి పక్క చిన్న మసీదు ఉంది, అది సందర్శకులకు కాదు. వసారాలో నిలబడి ఉత్తరానికి చూస్తే చార్ కమాన్ అనే నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, పడమరకు లాడ్ బజార్, నైరుతికి మసీదు, దానికి ఎదురుగా నిజామియా యునానీ ఆసుపత్రి. ఊరు ఎలా గీశారో ఇక్కడ తెలుస్తుంది, కింద నడుస్తుంటే తెలియదు. పదిహేను నిమిషాలు చాలు.

పది నుంచి పదకొండు పది: చౌమహల్లా

మక్కా మసీదు పక్క నుంచి ఖిల్వత్ రోడ్డు పట్టుకోండి. పదింటికి గేటు తీస్తారు. ఇది ప్రభుత్వానిది కాదు, నిజాం వారసుల ట్రస్టు చూసుకుంటుంది, అందుకే పురావస్తు శాఖ టికెట్ ఇక్కడ చెల్లదు. లోపలికి రాగానే అందరూ దర్బారు హాలు వైపు పరుగెత్తుతారు. మీరూ అదే చేయండి, ఈసారి మాత్రం గుంపు చేసేదే సరి. పదిన్నరకు స్కూలు బస్సులు దిగుతాయి.

ఖిల్వత్ ముబారక్ అంటే నిజాంలు దర్బారు తీరిన హాలు. పంతొమ్మిది బెల్జియం గాజు షాండ్లియర్లు, మధ్యలో పాలరాతి వేదిక. ఆసనం దాని మీద వేసేవాళ్లు. నేరుగా వేదిక ముందు నిలబడితే ఫొటోలో జనమే వస్తారు. పక్క స్తంభాల వరస వెంట నడిచి మూలకు వెళ్లండి, షాండ్లియర్లన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. కమానుల మీది తెల్లటి పూలు గమనించండి. పొద్దున చార్మినార్ మీద చూసిన సున్నమే, కానీ ఇక్కడ మెరుస్తుంది. బాగా మెత్తగా నూరిన సున్నపు పైపూతను రాయితో రుద్ది నునుపు చేస్తే పాలరాయిలా తేలుతుంది.

వెనక ఆవరణలో అసలు నాలుగు మహళ్లు: అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్. పేరులోని ‘చౌ’ వీటిదే. పని సలాబత్ జంగ్ కాలంలో, 18వ శతాబ్దం మధ్యలో మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా (1857–69) కాలానికి ముగిసింది. నడుమ తోట, కొలను. అప్పట్లో ఇది నలభై అయిదు ఎకరాలు, ఇప్పుడు మిగిలింది పద్నాలుగుకు మించదు. కార్ల షెడ్డులో 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఉంది. పిల్లలుంటే అక్కడి నుంచి కదలరు, ఆ పావుగంట లెక్కలో వేసుకోండి.

పదకొండు పదికి బయటపడాలి. పన్నెండు గంటలకు ఒక పెద్దమనిషి మీకోసం ఎదురుచూస్తుంటాడు.

పన్నెండింటి గడియారం

సాలార్‌జంగ్ మ్యూజియం నయాపూల్ దగ్గర, దారుల్‌షిఫాలో. చౌమహల్లా నుంచి ఆటోకు ట్రాఫిక్‌ను బట్టి ఇరవై నుంచి ముప్పై అయిదు నిమిషాలు. బ్యాగులు కౌంటరులో పెట్టి, టికెట్ తీసుకుని, పదకొండు నలభై అయిదుకల్లా కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు కూర్చోవాలి. లోపల ఒక కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూ ఉంటాడు. గంట పూర్తవడానికి రెండు మూడు నిమిషాల ముందు తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న మరో బొమ్మ వచ్చి, ఎంతైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, అందుకే అంత జనం. ఆలస్యమైతే పరుగెత్తవద్దు. ఒంటిగంటకూ వస్తాడు, ఒక్క దెబ్బే, కానీ ముందు వరస ఖాళీగా ఉంటుంది. రాక చూడటమే ముఖ్యం అనుకుంటే అదే మేలు.

ఈ మ్యూజియం ఒక మనిషి ఇంటి సామాను. సాలార్‌జంగ్ కుటుంబం నిజాంలకు దివాన్లు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్. మూడో ఆయన మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు, సంపాదన అంతా వస్తువుల మీదే పెట్టాడు. 1949లో పోయాడు. 1951లో వాళ్ల భవనం దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరిచారు, 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. గ్యాలరీలు నలభైకి దగ్గర. అన్నీ చూడాలనుకుంటే నాలుగోదానికే కళ్లు మొద్దుబారతాయి. రెండు గంటలకు ఇవి చాలు: ముసుగు రెబెక్కా, మెఫిస్టోఫిలిస్–మార్గరెట్టా జంట బొమ్మ, ఏనుగు దంతాల గది, ఆయుధాలు, చేతిరాత గ్రంథాలు.

రెబెక్కాను బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్నాడు. ఎదురుగా నిలబడి చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు. ఒక అడుగు పక్కకు జరిగి, ముక్కు దగ్గర ముసుగు మడత చూడండి. కింద చర్మం, పైన గుడ్డ అని కన్ను ఒప్పుకుంటుంది, రెండూ ఒకే రాయి. జంట బొమ్మ కూడా ఒకే కర్రలో చెక్కింది. ముందు దయ్యం, వెనక తలొంచుకున్న అమ్మాయి. వెనక పెట్టిన అద్దంలో అమ్మాయి కనిపిస్తుంది. అద్దానికి కాస్త ఏటవాలుగా నిలబడితే రెండూ ఒక్కసారే కనిపిస్తాయి.

భోజనానికి మదీనా కూడలి వైపు. రెండు దాటితే ఖాళీ అవుతుంది. పాతబస్తీ రుచి నిజంగా తెలియాలంటే బిర్యానీ కంటే పురానీ హవేలీ దగ్గర బట్టీలో కాల్చే నాలుగు మూలల నాన్ వెతకండి. అది వేడి మీద తినాలి, కట్టించుకుని ఇంటికి తెస్తే అట్టముక్క.

మూడు నుంచి ఐదు: ఒక గోడ, ఒక బీరువా

ఇక్కడ రెండింట్లో ఒకటి ఎంచుకోండి, రెండూ అంటే బజారుకు చీకటి పడుతుంది.

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బీరువా ఉంది. బీరువా అంటే మన గోద్రెజ్ కాదు. పొడవాటి వసారాకు రెండు వైపులా, రెండంతస్తులుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా చెక్క అరలు. పై అరలకు వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఆయన ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని చెప్పుకుంటారు. మిగతా గదుల్లో ఏడో నిజాం రజతోత్సవ కానుకలు. 2018లో ఇక్కడి వజ్రాల బంగారు టిఫిన్ డబ్బా దొంగలెత్తుకెళ్లారు, కొద్ది రోజుల్లోనే దొరికింది. సోదా కాస్త గట్టిగా చేస్తారు, విసుక్కోకండి.

మా ఓటు మాత్రం బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకే. పత్తర్‌గట్టి, మదీనా మధ్య ఉంటుంది. బోర్డు చిన్నది, అడిగి వెళ్లాలి. మహమ్మద్ కులీ 1594లో కట్టించాడు. మొహర్రంలో హుసేన్ పేర ఆలంలు నిలబెట్టే చోటు ఇది. మన పల్లెల్లో పీర్ల పండక్కి ఎత్తే పీర్లు ఈ ఆలంలే. ముందరి చెక్క స్తంభాల మంటపం నిజాంల కాలానిది. దాన్ని దాటి లోపలికి వెళ్తే గోడంతా పెంకులు: పసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగు. ఇవి బొమ్మ వేసిన పలకలు కావు. ఒక్కో రంగు పలకను వేరుగా కాల్చి, ఆకారానికి కోసి, ముక్క పక్కన ముక్క పేర్చారు. దగ్గరగా చూస్తే రంగు మారే ప్రతి చోటా సన్నని కీలు గీత కనిపిస్తుంది. ఇప్పుడు గోడ కింది భాగం చూడండి. అక్కడ కీలు గీతలు లేవు, మెరుపు లేదు, షట్కోణాలు రంగుతో గీసి ఉన్నాయి. 1908 వరద నీళ్లకు కింది పెంకులు పాడైతే తర్వాత రంగు వేసి సరిపెట్టారు. పొద్దున వంతెన మీద చెప్పుకున్న మూసీ ఎంత లోపలికి వచ్చిందో ఇక్కడ గోడ మీద చూడొచ్చు. ఇది శోకం పాటించే చోటు. చెప్పులు విప్పండి, గొంతు తగ్గించండి, పెంకులు తాకకండి. మొహర్రం మొదటి పది రోజుల్లో జనం ఎక్కువ, చూసి వచ్చేస్తే మంచిది.

అక్కడి నుంచి దక్షిణానికి పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నడవండి. ఇవి ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవే, నీడ ఉంటుంది. ముత్యాల దుకాణాలన్నీ ఇక్కడ. హైదరాబాద్‌కు సముద్రం లేదు, ముత్యాలు బయటి నుంచే వస్తాయి. ఊరి పనల్లా బెజ్జం వేయడం, జత కలపడం. పంటికి మెల్లగా రుద్దితే అసలుది ఇసుకలా గరగరలాడుతుంది, గాజుపూస జారిపోతుంది. తర్వాత నాలుగు కమానులు: ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేరే బాతిల్ కమాన్. పడమటిది కుతుబ్‌షాహీ రాజభవనాలకు వాకిలి. భవనాలు పోయాయి, వాకిలి మిగిలింది.

ఐదు దాటాక: లాడ్ బజార్

లక్క గాజులకు బజారు ఇదే. పొద్దున వస్తే షట్టర్లు, సాయంత్రం దీపాల్లో అద్దాలు మెరుస్తాయి. ఆ మెరుపులో రంగు మోసం చేస్తుంది. చీరకు జత చూడాలంటే చీర ముక్కో, అంచు దారమో తెచ్చుకోండి, ఫోన్‌లో ఫొటో చాలదు.

గాజు తయారీ కొన్ని దుకాణాల వాకిట్లోనే కనిపిస్తుంది. రంగు కలిపిన లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, తాడులా సాగదీసి, పట్టీగా నొక్కి, కడియంలా వంచి అతుకుతారు. మళ్లీ వేడి తగిలించి ఒక్కో రాయి, ఒక్కో అద్దం ముక్క గుచ్చుతారు. లక్క చల్లారితే రాయి బిగుసుకుంటుంది, జిగురు అక్కర్లేదు. కాబట్టి కొనేటప్పుడు రాయి అంచు చుట్టూ చూడండి. లక్క కొంచెం పైకి లేచి రాయిని పట్టుకుని ఉంటే వేడి మీద గుచ్చింది. రాయి పైపైన కూర్చుని చుట్టూ జిగురు మెరిస్తే మూడు నెలలకు రాలుతుంది. రెండు గాజులు తాటించి వినండి. ప్లాస్టిక్ టకటకమంటుంది, లక్క మంద్రంగా మోగుతుంది, చేతిలో బరువూ తెలుస్తుంది.

సైజు చెప్పేది ‘రెండూ నాలుగు’, ‘రెండూ ఆరు’, ‘రెండూ ఎనిమిది’ అని. రెండు అంగుళాలు, తర్వాత అంగుళంలో పదహారో వంతులు. రెండూ నాలుగు అంటే లోపలి కొలత రెండుంపావు అంగుళాలు, రెండూ ఎనిమిది అంటే రెండున్నర. ఇంట్లో వాడే గాజును అడ్డంగా కొలిచి రాసుకు వస్తే చాలు. లక్క సాగదు, సబ్బు రాసి ఎక్కించాలనుకుంటే విరుగుతుంది. స్వల్పంగా బిగువైతే దుకాణదారే కుంపటి మీద వేడి చేసి వదులు చేసిస్తాడు. అక్కడే వేసుకుని చూడండి. ఇంటికెళ్లాక రెండు జాగ్రత్తలు. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, లక్క మెత్తబడి వంకర తిరుగుతుంది. సెంటు, శానిటైజర్ తగలనీయొద్దు, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, పైమెరుపు పోయి జిడ్డుగా అవుతుంది.

బేరం తప్పదు. మూడో దుకాణంలో కొనండి, మొదటి రెండు ధర తెలుసుకోవడానికి. వద్దంటే నవ్వుతూ ‘నక్కో భాయ్’ అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. కోపంగా ‘నహీ చాహియే’ అంటే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

ఇంకో పూట: గోల్కొండ

దీనికి వేరే రోజు ఇవ్వండి. చార్మినార్‌తో కలిపి ఒకే రోజు చేసేవాళ్లు రెండింటినీ పరుగులోనే చూస్తారు. తెరవగానే ఫతే దర్వాజా వైపు నుంచి వెళ్లండి. బాలాహిస్సార్ గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది. గుమ్మటం నడిబొడ్డున నిలబడాలి, పక్కకు జరిగితే పలకదు. ఒకరు పైన, ఒకరు కింద ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేస్తేనే నమ్మకం కుదురుతుంది. పైకి సుమారు 360 మెట్లు. మనిషికి లీటరు నీళ్లు కిందే కొనుక్కోండి. దారిలో రామదాసు చెర ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా ఉంచిన చోటు, గోడ మీద దేవుళ్ల బొమ్మలు ఆయన చెక్కినవనే అంటారు. లోపల వెలుతురు తక్కువ, కళ్లకు ఒక నిమిషం టైమివ్వండి. పైన జగదాంబ గుడి. ఆషాఢంలో నగరం బోనాలు మొదలయ్యేది ఇక్కడే, ఆ ఆదివారాలు కోట చూడటానికి రావద్దు, బోనం చూడటానికి రండి. పైకి ఒక దారి, కిందికి రాణీమహళ్ల వైపు ఇంకో దారి. ఆ దిగుడు నిటారుగా ఉంటుంది, నునుపు అరికాలి చెప్పులతో జారుతారు.

కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధులకు ఆటోలో కొద్ది నిమిషాలు. పదకొండు తర్వాత ఎండకు అదే సరైన చోటు, గుమ్మటాల కింద చల్లగా ఉంటుంది. మహమ్మద్ కులీ సమాధి ఎత్తు నలభై మీటర్లు దాటుతుంది. ఆఖరి సుల్తాను తానీషా సమాధి వెతకొద్దు, అతను ఔరంగజేబు చెరలో పోయి ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. 2013 నుంచి ఇక్కడ పెద్ద ఎత్తున మరమ్మతు జరిగింది. పాత సిమెంటు గీకేసి మళ్లీ గానుగ సున్నం పూశారు. చార్మినార్ దగ్గర నేర్చుకున్న కన్నుతో ఒక్కసారి గోడల వెంట నడవండి.

ఫలక్‌నుమా ఇప్పుడు హోటల్. ముందుగా బుక్ చేసుకోకుంటే కొండ కింద గేటు దగ్గరే ఆపేస్తారు. ఆటోవాడు లోపలికి తీసుకెళ్తానన్నా నమ్మొద్దు.

శుక్రవారమే కుదిరితే

పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులు. పైగాలు నిజాంల తర్వాత అంతటి అమీర్లు. సమాధులు చిన్నవే. చుట్టూ సున్నపు జాలీలు మాత్రం దేనికదే వేరు, ఒక గీత రెండో చోట కనిపించదు. నాలుగింటి ఎండ జాలీ నుంచి నేల మీద పడేటప్పుడు వెళ్లాలి.

లేదా ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన కోఠీ మహిళా కళాశాల ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి ఉన్న భవనం. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్. చదువుకునే చోటు కాబట్టి వెళ్లే ముందు సందర్శన వేళలు కనుక్కోండి. 1803లో అప్పటి రెసిడెంట్ జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడు, ఖర్చు నిజాంది. నలభై అడుగుల స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు. అవి చూసి అందరూ వెనుదిరుగుతారు. మీరు తోటలోకి వెళ్లి చిన్న భవనం నమూనా ఎక్కడుందో అడగండి. ఆయన భార్య ఖైరున్నిసా ఘోషాలో ఉండేది, ముందు వైపుకు వచ్చి ఇల్లు చూడటం కుదరక, ఆమె కోసం అదే ఇంటిని చిన్నదిగా చేయించాడని చెబుతారు.